చిట్టెలుక టెస్టిస్‌లో ఏ ప్రోటీన్ తగ్గిందో, అసలెందుకు తగ్గిందో పట్టుకోవడం ఎలా

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా పెద్దమ్మ అడిగింది, ఇంతకీ ఆ ల్యాబులో ఏం చేస్తావురా అని. మగ ఎలుకలకి పిల్లలు పుట్టకపోతే వాటి వృషణాల్లో ప్రోటీన్లు ఏం తేడా వచ్చాయో చూస్తా పెద్దమ్మా అన్నా. "దానికి అంత చదువెందుకు, రోజూ రెండు గుడ్లు పెట్టు" అంది. అందరూ నవ్వారు కానీ ఈ డౌట్ చాలామందికి ఉంటది కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ ప్రోటీన్ అంటే తినేది కాదు, కణం లోపల పని చేసే మనిషి లాంటిది, ఒక్కొక్కదానికి ఒక్కో డ్యూటీ, ఒకటి డ్యూటీకి రాకపోతే స్పెర్మ్ తయారీ ఎక్కడో ఒక చోట ఆగిపోద్ది, లేదా స్పెర్మ్ చూడ్డానికి బాగానే ఉండి పని చెయ్యదు.

ఇది కొత్తగా ల్యాబులో చేరిన జేఆర్ఎఫ్‌లకి, ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ వాళ్లకి రాస్తున్నా. నేను రెండేళ్లు తప్పుగా చేసి నేర్చుకున్నవి, మీరు రెండు నెలల్లో నేర్చుకుంటే చాలు. ఇంకో మాట, తెలుగులో మౌస్‌కీ రాట్‌కీ రెండిటికీ ఎలుక అనే అంటాం, ఇక్కడ నేను చెప్పే లెక్కలన్నీ చిట్టెలుకవి, మౌస్‌వి, రాట్ మీద చేసేవాళ్లు రోజుల లెక్క ఇక్కడ నుంచి ఎత్తుకోకండి, దాని సైకిల్ వేరు.

ముందు ఎలుకకి నిజంగా పిల్లలు పుట్టట్లేదా అనేది తేల్చుకోండి

నవ్వకండి, ఇది వదిలేసి నేరుగా ప్రోటీన్ ఎంతుందో చూసే వెస్టర్న్ బ్లాట్ వేసేవాళ్లు ఉన్నారు. మీ దగ్గర ఒక జీన్ నాక్‌ఔట్, అంటే ఆ జీన్ తీసేసిన, మగ ఎలుక ఉంది అనుకోండి. 8 నుంచి 12 వారాల వయసు ఉన్నదాన్ని తీస్కొని, ఆల్రెడీ పిల్లలు పెట్టగలవని తెలిసిన వైల్డ్ టైప్, అంటే జీన్ మార్చని మామూలు ఆడవి రెండు దానితో వదలండి. రోజూ పొద్దున్నే ప్లగ్ చూడాలి, అంటే జత కట్టాక మగదాని స్రావం గడ్డకట్టి ఆడదాని యోనిలో బిరడాలాగా ఉండిపోద్ది, అది మధ్యాహ్నానికి ఊడిపోవచ్చు కాబట్టి పదింటికి టీ తాగి తీరిగ్గా వెళ్తే కుదరదు. ప్లగ్ ఉంది, పిల్లలు లేవు అంటే అప్పుడు సమస్య స్పెర్మ్ వైపు ఉండొచ్చు. ప్లగ్గే లేదు అంటే అది అసలు జతకట్టట్లేదు, హార్మోనో, మెదడో, ఇంకేదో, ఆ కథ వేరు, టెస్టిస్ తీసి ప్రోటీన్లు లెక్కపెట్టినా జవాబు అక్కడ దొరకకపోవచ్చు. కనీసం రెండు మూడు నెలలు నడపండి, పక్కనే అదే ఈతలో పుట్టిన వైల్డ్ టైప్ అన్నదమ్ముల్ని కూడా అలాగే పెట్టి పోల్చండి.

ఇంకా జీన్ ఎంచుకునే స్టేజీలోనే ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. టెస్టిస్‌లో మాత్రమే ఎక్కువగా ఉండే జీన్లు వెయ్యికి పైనే ఉన్నాయి, శరీరంలో ఇంకే అవయవానికీ అన్ని లేవు. టెస్టిస్‌లో మాత్రమే ఉంది, మనిషి దాకా మారకుండా వచ్చింది, అంటే ఇది ఖచ్చితంగా ముఖ్యమైనదే అనిపిస్తది కదా. 2016లో ఒసాకా వాళ్లు మరికొందరితో కలిసి అలాంటివి 54 జీన్లు ఒక్కొక్కటిగా తీసేసి చూస్తే మగ ఎలుకలు హాయిగా పిల్లల్ని కన్నాయి. 54. ఒక్కో దానికి ఎవరో ఒకరు ఎన్ని ఆశలు పెట్టుకుని ఉంటారో ఆలోచించండి. అందుకే ముందు పిల్లల లెక్క, ఆ తర్వాతే ప్రోటీన్.

పర్మిషన్ సంగతి ఒక్క ముక్కలో చెప్తా. మన దేశంలో ఎలుక మీద ఏం చెయ్యాలన్నా మీ ఇన్‌స్టిట్యూట్ ఎథిక్స్ కమిటీ అప్రూవల్ ఉండాలి, ఎన్ని ఎలుకలు కావాలో ముందే రాయాలి, ఎక్కువ రాస్తే ఎందుకు అని అడుగుతారు, తక్కువ రాస్తే మధ్యలో ఆగిపోతారు. లెక్క ఇలా వేస్కోండి. నాక్‌ఔట్ మగది స్టెరైల్ కాబట్టి దాన్నుంచి బ్రీడింగ్ ఉండదు, హెటిరో, హెటిరో, అంటే జీన్ రెండు కాపీల్లో ఒకటే పోయినవాటిని, కలపాలి, పుట్టిన వాటిలో నాలుగింట ఒకటి నాక్‌ఔట్, అందులో సగం మగవి, అంటే ఎనిమిదింట ఒకటి. అయిదు నాక్‌ఔట్ మగవి కావాలంటే సగటున 40 పిల్లలు పుట్టాలి. ఇది చూపించే కమిటీకి సమాధానం చెప్పండి.

టెస్టిస్ ఒక కణం కాదు, ఒక ఊరు

ఇక్కడే అసలు విషయం ఉంది, మిగతాది అంతా మీ ల్యాబ్ ప్రోటోకాల్ పుస్తకంలో కూడా దొరుకుద్ది.

లివర్ తీస్కుంటే ఎక్కువ భాగం ఒకే రకం కణాలు. టెస్టిస్ అలా కాదు. అందులో స్టెమ్ సెల్స్ నుంచి తోక వచ్చిన స్పెర్మ్ దాకా అన్ని దశల కణాలూ ఒకే ట్యూబులో పక్క పక్కనే ఉంటాయి, వాటిని పట్టుకుని సాకే సెర్టోలి కణాలు, బయట టెస్టోస్టెరాన్ చేసే లైడిగ్ కణాలు ఉంటాయి. మౌస్‌లో స్టెమ్ సెల్ నుంచి స్పెర్మ్ అవ్వడానికి సుమారు 35 రోజులు పడుతుంది, ట్యూబులో ఒక్కో సైకిల్ 8.6 రోజులు, ఆ సైకిల్‌ని 12 స్టేజీలుగా విడగొట్టి చూస్తారు.

ఇప్పుడు మీ జీన్ లేకపోతే మియోసిస్, అంటే క్రోమోజోములు సగానికి తగ్గే కణ విభజన, దాని మధ్యలో కణాలు చచ్చిపోతున్నాయి అనుకోండి, అలాంటి పాత ఉదాహరణ ఎస్‌వైసీపీ3, క్రోమోజోములు జతగా అతుక్కునే నిచ్చెన లాంటి నిర్మాణంలో ఉండే ప్రోటీన్, 2000లో దాన్ని తీసేసిన ఎలుకలు వచ్చాయి, మగవాటిలో కణాలు మియోసిస్ మొదట్లోనే చచ్చిపోయాయి, ఆడవాటికి మాత్రం పిల్లలు పుట్టాయి, కాస్త తక్కువ. ఇలాంటి పెద్ద ఎలుక టెస్టిస్‌ని మొత్తం రుబ్బి మాస్ స్పెక్‌లో, అంటే ఒకేసారి వేల ప్రోటీన్లు కొలిచే మెషిన్‌లో, పెడితే ఏమవుద్ది? స్పెర్మటిడ్లే, అంటే మియోసిస్ అయ్యాక స్పెర్మ్‌గా మారే కణాలే, లేవు కాబట్టి స్పెర్మటిడ్‌లో ఉండే ప్రతి ప్రోటీన్ "తగ్గింది" అని వస్తది. వందల్లో. మీ జీన్‌కీ వాటికీ నేరుగా ఏ సంబంధం లేదు, ఉండాల్సిన కణం లేదు అంతే.

ఇంకా మోసం చేసేది రెండోవైపు. సంక్రాంతి వారంలో మా అపార్ట్‌మెంట్ మొత్తం ఖాళీ, అందరూ ఊళ్లకి పోతారు, వాచ్‌మన్ ఇల్లు మాత్రం ఉంటది. ఆ వారం ఎవరైనా వచ్చి ఇక్కడ వంద మందిలో వాచ్‌మన్లు ఎంతమంది అని లెక్కేస్తే వాచ్‌మన్లు తెగ పెరిగిపోయినట్టు వస్తది. సెర్టోలి ప్రోటీన్లు కూడా అంతే. మనం ప్రతి శాంపిల్ నుంచి సమానంగా, 20 మైక్రోగ్రాములు అలా తీస్కుంటాం కదా, జర్మ్ సెల్స్, అంటే స్పెర్మ్ అయ్యే కణాలు, పోయిన టెస్టిస్‌లో అదే 20 మైక్రోగ్రాముల్లో సెర్టోలి వాటా, లైడిగ్ వాటా పెరిగిపోద్ది, చూస్తే సెర్టోలి ప్రోటీన్ సాక్స్9 పెరిగింది, లైడిగ్ ప్రోటీన్ సివైపీ17ఏ1 పెరిగింది, "స్టెరాయిడ్ పాత్‌వే యాక్టివేట్ అయ్యింది" అని ఎవరో ఒకరు స్లైడ్ చేసేస్తారు.

ఆ ఎవరో ఒకరు నేనే. ఫస్ట్ ఇయర్ చివర్లో ల్యాబ్ మీటింగ్‌లో ఎర్ర చుక్కలు నీలం చుక్కలతో పెరిగినవి, తగ్గినవి చూపించే పెద్ద వల్కనో ప్లాట్ పెట్టా, పాత్‌వే పేర్లు చదువుకుంటూ పోతున్నా, వెనక కూర్చున్న సీనియర్ అక్క ఒక్కటే అడిగింది, "హిస్టాలజీ చూశావా, అసలు ఆ కణాలున్నాయా అందులో?" చూడలేదు. తర్వాత టెస్టిస్ పల్చటి ముక్కలు మైక్రోస్కోప్‌లో చూస్తే రౌండ్ స్పెర్మటిడ్ ఒక్కటి లేదు. ఎనిమిది నెలల పని, మా జీన్ గురించి అది చెప్పింది ఏమీ లేదు. జీన్ పేరు చెప్పను, ఇంకా పేపర్ అవ్వలేదు.

కాబట్టి మీ ఎలుక ఏ రకం అనేది ముందు తేల్చండి, దాన్ని బట్టే ఏ వయసులో శాంపిల్ తియ్యాలి అనేది.

తూకం, హిస్టాలజీ, తర్వాత వయసు

టెస్టిస్ తూకం చాలా చౌకైన టెస్ట్, చాలా ఎక్కువ చెప్తది. బ్లాక్ సిక్స్ అనే రకం పెద్ద మగదానికి ఒక్కో టెస్టిస్ 100 మిల్లీగ్రాములకి అటూ ఇటూ ఉంటది. మియోసిస్‌లోనే ఆగిపోతే సగం కంటే బాగా తక్కువకి పడిపోద్ది, చూడగానే తెలుస్తది. శరీరం బరువు కూడా రాసుకోండి, ఎలుకే చిన్నదైతే టెస్టిస్ చిన్నదవ్వడంలో వింత లేదు.

హిస్టాలజీకి ఒక టెస్టిస్ పూర్తిగా పక్కన పెట్టండి. మామూలు ఫార్మాలిన్, పీఎఫ్ఏలో వేస్తే ట్యూబులు ముడుచుకుని మధ్యలో ఖాళీలు వస్తాయి, స్టేజీలు చూడ్డానికి బూయిన్స్ ద్రావణం బెటర్, అది పిక్రిక్ యాసిడ్, ఫార్మాల్డిహైడ్, ఎసిటిక్ యాసిడ్ కలిపింది. పిక్రిక్ యాసిడ్ ఎండిపోతే పేలే గుణం ఉంది, సీసా మూత దగ్గర పసుపు పొడి కట్టి ఉంటే తిప్పకండి, సేఫ్టీ వాళ్లని పిలవండి. వేసే ముందు టెస్టిస్ రెండు చివర్లా సన్నటి సూదితో గుచ్చండి, పైన ఉండే తెల్లటి పొర మందంగా ఉంటది, లోపలికి ద్రావణం దిగదు. తర్వాత 70% ఆల్కహాల్‌లో పసుపు తగ్గేదాకా మార్చి మార్చి కడగాలి. క్యాసెట్ మీద పెన్సిల్‌తోనే రాయండి, మార్కర్ పెన్ను ఆల్కహాల్‌లో కొట్టుకుపోద్ది, ఆ తర్వాత ఏది నాక్‌ఔటో ఏది కాదో ఆ దేవుడికే తెలియాలి. స్టెయిన్ పీఏఎస్, హెమటాక్సిలిన్ వెయ్యండి, ఆక్రోసోమ్, అంటే స్పెర్మ్ తల మీద టోపీ లాంటిది, గులాబీ రంగులో కనపడుద్ది, దాని ఆకారం బట్టే స్టేజీలు చెప్తాం.

ఇప్పుడు రెండు దారులు. కణాలు మధ్యలో ఆగిపోయాయి అని తేలితే పెద్ద ఎలుక టెస్టిస్‌తో ప్రోటీన్ పోలిక మానెయ్యండి. చిన్న పిల్లల దగ్గరకి వెళ్లండి. మొదటి విడత స్పెర్మ్ తయారీ మౌస్‌లో అన్ని ట్యూబుల్లోనూ దాదాపు కలిసి నడుస్తది, అదే మనకి వరం. పుట్టిన 8 రోజులకి స్పెర్మటోగోనియా, అంటే మియోసిస్‌కి ముందు కణాలు, వాటి దాకానే ఉంటాయి, 10వ రోజుకి మియోసిస్ మొదలు, 12కి జైగోటీన్, 14కి పాకిటీన్ (రెండూ మియోసిస్ మొదట్లో వచ్చే మెట్లు), 18 నుంచి 20కి రౌండ్ స్పెర్మటిడ్లు, 35 దగ్గర స్పెర్మ్. మీ కణాలు పాకిటీన్‌లో చచ్చిపోతున్నాయి అంటే 12, 14 రోజుల పిల్లల్ని తీస్కోండి, అప్పటికి కణాలు ఇంకా బతికే ఉంటాయి, రెండు గుంపుల్లో కణాల మిశ్రమం ఒకటే, ఇప్పుడు ఏదైనా ప్రోటీన్ తగ్గింది అంటే దానికి ఒక అర్థం ఉంది. ఒక్క రోజు తేడా కూడా తేడానే, 14వ రోజు నాక్‌ఔట్‌ని 15వ రోజు వైల్డ్ టైప్‌తో పోల్చకండి, ఒకే ఈతలో అన్నదమ్ములే కావాలి. ఆ వయసులో టెస్టిస్ కొన్ని మిల్లీగ్రాములే ఉంటది కాబట్టి బఫర్ తక్కువ పొయ్యండి.

పెద్దవాటితోనే చెయ్యాల్సి వస్తే కణాల్ని విడగొట్టాలి, హోయెక్స్ట్ రంగుతో ఫ్లో సార్టర్‌లో, లేదా బీఎస్ఏ గ్రేడియంట్ మీద పోసి వాటి సైజు బరువుని బట్టి కిందకి దిగనిచ్చి, ఈ రెండో పద్ధతి పాతది, నెమ్మది, కానీ ప్రోటీన్‌కి సరిపడా కణాలు ఇస్తది.

రెండో దారి, హిస్టాలజీ మామూలుగా ఉంది, స్పెర్మ్ కౌంట్ బాగుంది, స్పెర్మ్ ఈదడం కూడా బాగుంది, కానీ పిల్లలు లేవు. నాకు ఇష్టమైన రకం ఇది. ఇక్కడ పెద్ద ఎలుక టెస్టిస్ పోలిక నిజాయితీగా పని చేస్తది ఎందుకంటే కణాలన్నీ ఉన్నాయి.

కాల్‌మెజిన్ కథ ఎందుకు తెలుసుకోవాలి

1997లో జపాన్ వాళ్లు కాల్‌మెజిన్ అనే ప్రోటీన్ లేని ఎలుకల్ని చేశారు. ఇది టెస్టిస్‌లో, కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో ఉండే చాపెరోన్, అంటే వేరే ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా చూసే పెద్దమనిషి. తమాషా ఏంటంటే తయారైపోయిన స్పెర్మ్‌లో ఇది ఉండనే ఉండదు, టెస్టిస్‌లో పని ముగించి వెళ్లిపోద్ది. అయినా ఇది లేని మగ ఎలుకలకి దాదాపు పిల్లలు లేవు, స్పెర్మ్ సంఖ్య బాగానే ఉంది కానీ అండం చుట్టూ ఉండే జోనా పొరకి అతుక్కోదు. వెతుక్కుంటూ వెళ్తే కాల్‌మెజిన్ లేక ఆడమ్ కుటుంబం ప్రోటీన్లు సరిగ్గా జత కట్టట్లేదు, చివరికి స్పెర్మ్ పైన ఉండాల్సిన ఆడమ్3 లేదు. తర్వాత వేరే వేరే జీన్లు తీసేసినా, కాల్‌స్పెరిన్, పీడీఐఎల్‌టీ, టెక్స్101, అన్నిటి కథా తిరిగి తిరిగి ఆడమ్3 దగ్గరకే వచ్చింది. ఆ స్పెర్మ్ ఆడదాని గర్భసంచి నుంచి అండవాహికలోకి కూడా వెళ్లలేదు.

దీంట్లో మన పనికి వచ్చేవి రెండు. ఒకటి, మీరు తీసేసిన ప్రోటీన్ వేరు, నిజంగా పిల్లలు పుట్టకుండా చేసిన ప్రోటీన్ వేరు కావచ్చు, ఆ రెండోదాని జీన్‌కి ఏమీ అవ్వలేదు, ఆర్ఎన్ఏ చూస్తే మామూలుగానే ఉంటది, ప్రోటీన్ చూస్తేనే దొరుకుద్ది. రెండు, టెస్టిస్ ఒక్కటే చూస్తే సరిపోదు. ఆడమ్3 టెస్టిస్‌లో పెద్ద సైజులో ఉంటది, ఎపిడిడిమిస్, అంటే టెస్టిస్ పక్కన స్పెర్మ్ పక్వానికి వచ్చే గొట్టం, దాటి వచ్చేసరికి కత్తిరించబడి చిన్న సైజు అవుద్ది, ఒక నాక్‌ఔట్‌లో టెస్టిస్ బ్లాట్ బాగానే ఉండి స్పెర్మ్ బ్లాట్ ఖాళీగా ఉండొచ్చు. అందుకే కోసే రోజు టెస్టిస్‌తో పాటు కాడా ఎపిడిడిమిస్ (దాని చివరి భాగం) నుంచి స్పెర్మ్ కూడా తీసి ఫ్రీజ్ చెయ్యండి, మళ్లీ ఎలుకని చంపక్కర్లేదు.

ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చౌకగా అయిపోయింది కదా అది చాలు అనే సార్లకి ఇంకో సమాధానం ప్రోటమిన్. స్పెర్మటిడ్ తల గట్టిపడేటప్పుడు డీఎన్ఏ చుట్టూ హిస్టోన్లు పోయి ప్రోటమిన్లు వస్తాయి, ఆ ప్యాకింగ్ అయ్యాక కొత్త ఆర్ఎన్ఏ రాయడం కుదరదు, అందుకని కణం ముందే రాసి దాచుకుంటది, ప్రోటమిన్1 ఆర్ఎన్ఏ రౌండ్ స్పెర్మటిడ్‌లో తయారై చాలా రోజులు అలా పడుంటది, తర్వాతే ప్రోటీన్ అవుద్ది. 1995లో దాన్ని ముందుగానే ప్రోటీన్ అయ్యేలా చేస్తే స్పెర్మటిడ్లు అక్కడే ఆగిపోయాయి. అంటే ఎంత ఉంది అనే కాదు, ఎప్పుడు ఉంది అనేది కూడా మార్పే.

కోసే రోజు

మీడియం ముందే 37 డిగ్రీలకి వేడి చేసి పెట్టుకోండి. ఎలుకని ఎథిక్స్‌లో రాసిన పద్ధతిలోనే చంపాలి. కింద పొట్ట దగ్గర కోసి తెల్లటి కొవ్వు ముక్క పట్టుకుని లాగితే దాని వెంట టెస్టిస్, ఎపిడిడిమిస్ వచ్చేస్తాయి, తిత్తి కొయ్యక్కర్లేదు. కాడా భాగం వేరు చేసి మీడియంలో రెండు మూడు గాట్లు పెట్టి 10, 15 నిమిషాలు వదిలేస్తే స్పెర్మ్ పొగలాగా బయటికి వస్తది. లెక్కకి కొంచెం, వీడియోకి కొంచెం, మిగతాది కడిగి ఫ్రీజర్‌కి.

ఒక టెస్టిస్ బూయిన్స్‌లోకి. రెండోదాని పైపొర చీల్చి తీసేసి, ట్యూబులు మాత్రం లిక్విడ్ నైట్రోజన్‌లో వేసి, మైనస్ 80లో పెట్టండి. పైపొరలో రక్తనాళాలు ఎక్కువ, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ వచ్చి మాస్ స్పెక్‌లో కూర్చుంటాయి. ఎప్పుడూ ఎడమది హిస్టాలజీకి, కుడిది ప్రోటీన్‌కి అని ఒకటి పెట్టుకోండి, మధ్యలో మార్చకండి. ఒకే ఎలుక రెండు టెస్టిస్‌లు రెండు శాంపిళ్లు కావు, ఒకటే, ఇది రివ్యూయర్ దాకా వెళ్లకముందే తెలుసుకోండి. గుంపుకి కనీసం నాలుగైదు ఎలుకలు పెట్టండి.

లైసిస్‌కి వెస్టర్న్ అయితే రిపా బఫర్ ప్లస్ ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్, మాస్ స్పెక్ అయితే 8 మోలార్ యూరియా గానీ ఎస్‌డీఎస్ గానీ. టెస్టిస్‌లో కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి డీఎన్ఏ ఎక్కువ, లైసేట్ బంకలాగా, బెండకాయ జిగురులాగా సాగుద్ది, ఐస్ మీద సోనికేట్ చేస్తే కానీ పిపెట్‌లోకి రాదు. యూరియా వేసిన శాంపిల్‌ని మాత్రం వేడి చెయ్యకండి, 37 దాటితే యూరియా ప్రోటీన్‌కి అతుక్కుని కార్బమైలేషన్ అవుద్ది, అలా తయారైన మార్పుని ఎలుకలో మార్పు అనుకుంటారు. ప్రోటీన్ ఎంతుందో బీసీఏతో కొలవడం డీటీటీ వెయ్యకముందే అవ్వాలి, డీటీటీ ఉంటే రీడింగ్ పిచ్చిగా వస్తది.

వెస్టర్న్‌లో మోసపోయే చోట్లు

హౌస్‌కీపింగ్ ప్రోటీన్, అంటే అన్ని కణాల్లో సమానంగా ఉండి పోలికకి పనికొచ్చేది, అనే మాట టెస్టిస్‌లో సగం అబద్ధం. జీఏపీడీహెచ్ వేస్తారు అందరూ, టెస్టిస్‌లో దానికి జీఏపీడీహెచ్ఎస్ అని స్పెర్మ్‌కి మాత్రమే ఉండే తమ్ముడు ఉన్నాడు, 2004లో వాడిని తీసేస్తే స్పెర్మ్ ముందుకు ఈదలేక ఎలుకలు స్టెరైల్ అయ్యాయి. ట్యూబులిన్ వేద్దాం అంటే తోకలున్న కణాల్లో అది కుప్పలుగా ఉంటది. కణాల మిశ్రమం మారితే ఇవన్నీ మారతాయి. నేనైతే మెంబ్రేన్‌కి పాన్సో రంగు వేసి మొత్తం లేన్ ఫోటో తీసి దాంతోనే సరిచూసుకుంటా, దానితో పాటు ఒక సెర్టోలి ప్రోటీన్, ఒక జర్మ్ సెల్ ప్రోటీన్ కూడా అదే బ్లాట్ మీద వేస్తా, వాచ్‌మన్ ఎంత, ఊరు ఎంత అనేది కళ్ల ముందు ఉంటది.

యాంటీబాడీని నమ్మకండి, అది ఏ కంపెనీదైనా సరే. మీ దగ్గర నాక్‌ఔట్ ఉంది, అంతకంటే మంచి పరీక్ష లోకంలో లేదు, నాక్‌ఔట్ లేన్‌లో కూడా బ్యాండ్ వస్తే అది మీ ప్రోటీన్ కాదు. ఇలాంటి తమ్ముళ్ల బెడద టెస్టిస్‌లో చాలా ఎక్కువ. ఎందుకంటే మియోసిస్ టైమ్‌లో ఎక్స్ క్రోమోజోమ్ మూతపడుద్ది, దాని మీద ఉన్న పీజీకే1 లాంటి అవసరమైన జీన్లు పని చెయ్యవు, వాటికి బదులు వేరే క్రోమోజోమ్ మీద ఉన్న పీజీకే2 లాంటివి డ్యూటీ ఎక్కుతాయి, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, యాంటీబాడీ రెండిటినీ పట్టుకోవచ్చు.

మాస్ స్పెక్, ఆ తర్వాత లిస్ట్

రిడక్షన్, ఆల్కైలేషన్, యూరియాని 2 మోలార్ కంటే కిందకి పలచన చెయ్యడం, ట్రిప్సిన్ 50 వంతులకి ఒక వంతు వేసి రాత్రంతా 37లో, తర్వాత సి18 మీద కడగడం, ఇదంతా ఫెసిలిటీ వాళ్లు చెప్తారు కాబట్టి సాగదీయను. గ్లవ్స్ మాత్రం వేస్కోండి, మీ చర్మం కెరటిన్ లిస్ట్‌లో మొదటికి వచ్చేస్తది. శాంపిళ్లు రన్ చేసే వరుస కలిపేయండి, వైల్డ్ టైప్ అన్నీ సోమవారం, నాక్‌ఔట్ అన్నీ మంగళవారం చేస్తే మెషిన్ తేడా మీ తేడా అయి కూర్చుంటది.

ప్రోటమిన్లు లిస్ట్‌లో లేవే అని కంగారు పడకండి, ప్రోటమిన్1లో 51 అమైనో యాసిడ్లే, అందులో సగానికి పైగా ఆర్జినిన్, ట్రిప్సిన్ ఆర్జినిన్ దగ్గరే కోస్తది కాబట్టి అది పొడి పొడి అయిపోయి మెషిన్‌కి చిక్కదు. దానికి యాసిడ్‌తో తీసి యాసిడ్ యూరియా జెల్ వేసే పాత పద్ధతే దిక్కు. కాబట్టి "లిస్ట్‌లో లేదు" అంటే "టెస్టిస్‌లో లేదు" అని కాదు.

డేటా డీఐఏ పద్ధతిలో తీసింది అయితే డీఐఏ-ఎన్ఎన్ సాఫ్ట్‌వేర్, లేకపోతే మ్యాక్స్‌క్వాంట్. పీజీకే లాంటి అన్నదమ్ముల విషయంలో యూనిక్ పెప్టైడ్లు ఎన్ని ఉన్నాయో చూడండి, ఉమ్మడి పెప్టైడ్ల మీద వచ్చిన తేడా ఎవరిదో చెప్పలేం. ఒక ప్రోటీన్ వైల్డ్ టైప్ అయిదింటిలో ఉండి నాక్‌ఔట్ అయిదింటిలో లేకపోతే అది బంగారం, దాన్ని సాఫ్ట్‌వేర్ ఏదో చిన్న అంకెతో నింపేసి మామూలు దానిలా మార్చకుండా చూస్కోండి. పీ వాల్యూ 0.05 అని ఆగిపోకండి, 6000 ప్రోటీన్లు కొలిస్తే అసలు ఏ తేడా లేకపోయినా 300 దాకా అలా దాటేస్తాయి, ఎఫ్‌డీఆర్, అంటే దొరికినవాటిలో ఉత్తుత్తివి ఎన్ని అనే వాటా, దానికి సరిచేసిన విలువే చూడాలి.

ఇక లిస్ట్ వచ్చాక నేను ముందు చేసే పని పాత్‌వే టూల్‌లో పడెయ్యడం కాదు. తగ్గిన ప్రోటీన్లు మామూలుగా ఏ కణంలో ఉంటాయి అని పక్కన ఒక కాలమ్ రాస్తా, సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ డేటా టెస్టిస్‌కి బోలెడు ఫ్రీగా ఉంది. తగ్గినవన్నీ ఒకే దశ కణానివి అయితే అది కణం లేకపోవడమే, లిస్ట్ మూసెయ్యండి, వయసు తగ్గించి మళ్లీ చెయ్యండి. అదే కణంలోని మిగతా ప్రోటీన్లు బాగానే ఉండి ఒక ఆరేడు మాత్రమే తగ్గాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి పని చేసేవి అంటే అప్పుడు లేచి కూర్చోండి. వాటి ఆర్ఎన్ఏ కూడా క్యూపీసీఆర్‌తో చూడండి, ఆర్ఎన్ఏ మామూలుగా ఉండి ప్రోటీన్ తగ్గితే మడతలోనో, నిలకడలోనో, అనువాదంలోనో సమస్య. తర్వాత వెస్టర్న్‌తో కొత్త ఎలుకల్లో, అవే శాంపిళ్లలో కాదు. మీ ప్రోటీన్ నిజంగా దానికి అతుక్కుంటుందా అనేది ఇమ్యునోప్రెసిపిటేషన్‌తో. అన్నిటికంటే గట్టిది రెస్క్యూ, నాక్‌ఔట్‌లోకి జీన్ తిరిగి పెడితే ఆ ప్రోటీన్లూ తిరిగొచ్చి, పిల్లలూ పుట్టాలి.

మనిషికి పనికొస్తదా అనే ప్రశ్న

ఇంటర్వ్యూలో, వైవాలో తప్పకుండా అడుగుతారు. మన దగ్గరే హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు పిల్లలు లేని మగవాళ్లలో వై క్రోమోజోమ్ ముక్కలు ఊడిపోవడం మీద ఎప్పటి నుంచో పని చేస్తున్నారు, ఎలుకలో మీకు దొరికిన జీన్‌ని అలాంటి మనుషుల డేటాలో వెతకడం తర్వాతి అడుగు. కానీ ముందు ఆ జీన్ మనిషిలో పని చేస్తుందా అని చూడండి. ఇంత పెద్ద కథ నడిచిన ఆడమ్3 మనిషిలో పాడుబడిన జీన్, సూడోజీన్, ప్రోటీన్ రాదు. అదే దారిలో ఉన్న టెక్స్101 మాత్రం మనిషిలో ఉంది, వీర్యంలో స్పెర్మ్ లేనివాళ్లకి అది దారి మూసుకుపోవడం వల్లా లేక తయారీయే లేకపోవడం వల్లా అని తేల్చడానికి వీర్యద్రవంలో దాని మోతాదు, ఈసీఎం1 అనే ఇంకో ప్రోటీన్ మోతాదుతో కలిపి చూస్తే పనికొస్తదని 2013లో చూపించారు. ఒకే దారిలో రెండు ప్రోటీన్లు, ఒకటి మనకి లేనే లేదు, రెండోది క్లినిక్ గడప దాకా వచ్చింది. మీ లిస్ట్‌లో ప్రతి పేరు పక్కనా మనిషిలో ఉంది, లేదు అని ఇంకో కాలమ్ పెట్టండి, గంట పని. అది అయ్యాక మాస్ స్పెక్ రా ఫైళ్లు ప్రైడ్ అనే పబ్లిక్ డేటాబేస్‌లో అప్‌లోడ్ చేసెయ్యండి, పేపర్ టైమ్‌కి వెతుక్కుంటే మీ హార్డ్ డిస్క్ ఎవరో జూనియర్ ఫార్మాట్ చేసి ఉంటాడు.